అప్పులవాడు వాకిట నిలువవలెను



ఈ నెల పత్రికకు యౌవనస్థుల విషయమై నాలుగు మాటలు వ్రాయుమని అయ్యగారు నన్ను అడిగిరి. నేను సులువుగానే ఒప్పుకొంటిని. ముప్పది సంవత్సరములు బడిలో పాఠములు చెప్పినవానికి పిల్లల తప్పులు లెక్కించుట కష్టమా? సెల్‌ఫోను, మోటారు సైకిలు వేగము, తలవెండ్రుకల కత్తిరింపు, పెద్దల మాట వినకపోవుట, ఇట్లు వరుసగా వ్రాసికొనుచు పోయిన యెడల రెండు పుటలు తెలియకుండనే నిండును. అట్టి కాగితమొకటి నేను వ్రాసియుంటిని కూడ. కోత పండుగ తరువాత జరిగిన సంగతివలన దానిని చించివేసి, దీనిని వ్రాయుచున్నాను.

మా పల్లె ధర్మసాగర్ మండలములోనిది. వరియు ప్రత్తియు మాకు ఆధారము. ప్రతి సంవత్సరము కోత పండుగనాడు మా సంఘస్థులు వడ్లు, కోళ్లు, గుమ్మడికాయలు, కొందరు ప్రత్తి సంచులు కూడ దేవుని సన్నిధికి తెత్తురు. ఆరాధన ముగిసిన తరువాత వాటిని గుడి ఆవరణములోనే వేలము వేయుదుము. ఈసారి వచ్చిన సొమ్ము 18,000 రూపాయలు. వానకు కురియుచున్న గుడి రేకులు మార్చుటకు అది ఉద్దేశింపబడినది. సొమ్మును యౌవనస్థుల కూటమి కార్యదర్శి చేతికిచ్చితిమి. అతడు డిగ్రీ చదివి, హనుమకొండలో పోటీ పరీక్షలకు శిక్షణ తీసికొనుచున్న బిడ్డ. ఆదివారపు బడిలో నా యొద్దనే వాక్యము నేర్చుకొనినవాడు. పది దినముల తరువాత రేకులు కొనుటకు పోవుదమని పిలిచితిమి. అతడు రాలేదు. రెండు రాత్రులు ఇంటికి కూడ పోలేదు. మూడవ దినమున ధర్మసాగర్ చెరువు కట్టమీద ఒంటరిగా కూర్చుండగా వాని మేనమామ చూచి వెంటబెట్టుకొని వచ్చెను.

సొమ్ము క్రికెట్ పందెములో పోయినది.

ఆ రాత్రియే పెద్దలము కూడితిమి. ఒకరు పోలీసులకు చెప్పుదమనిరి. ఒకరు బల్ల ఆరాధనకు దూరముగా ఉంచుదమనిరి. మరియొకరు సంగతి బయటికి పొక్కనీయక వాని తండ్రి యొద్ద వసూలు చేయుదమనిరి. మేమందరము ఒకేసారి వానిమీద పడితిమి. తప్పు చేసిన సహోదరుని యొద్దకు మొదట ఒంటరిగా పోవలెననియు, వినని యెడల ఇద్దరు ముగ్గురితో పోవలెననియు, అటు తరువాతనే సంఘమునకు తెలుపవలెననియు ప్రభువు చెప్పిన వరుస మత్తయి 18లో ఉన్నది. ఆ వరుసను మేము తలక్రిందులు చేసితిమని నాకు మరుసటి దినము గాని తట్టలేదు.

"ఎందుకు చేసినవురా?" అని అడిగితిని.

"మొదలు నాకు వచ్చినయి సార్. రెండు వందలు పెడితే మూడు వందల ఎనభై వచ్చినయి. తర్వాత పోయినయి. పోయినయి మళ్ల తెద్దామని పెట్టిన."

"గుడి పైసలని తెలువదా?"

"తెలుసు సార్. అందుకే ప్రార్థన చేసి పెట్టిన. గెలిస్తే గుడికి డబుల్ ఇద్దామనుకున్న."

ఒకరిద్దరు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆ మాట ఇప్పటికిని నా చెవిలో ఉన్నది. ఆ కుర్రవాడు దేవుని మరచిపోయి పందెము ఆడలేదు. దేవుని పిలిచి ఆడెను. దేవుని ఎరుగని దొంగకు ఏమి చెప్పవలెనో మనకు తెలియును. మోకరించి దొంగతనమునకు పోయినవానికి ఏమి చెప్పుదుము?

అతడు ఇంకొక మాట కూడ అనెను. "అపొస్తలులు సుత చీట్లు వేసిన్రు కద సార్?" బుద్ధిలేని ప్రశ్న అని కొందరు కసరిరి. నిజముగా అది బుద్ధిగల ప్రశ్న. యూదా స్థానములో మత్తీయను ఎన్నుకొనుటకు చీట్లు వేసిరని అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయములో ఉన్నది. యెహోషువ కాలమున గోత్రములకు భూమిని చీట్లు వేసి పంచిరి. ఓడలోనివారు చీట్లు వేయగా యోనా పేరు వచ్చెను. ఇవి యుండగా మా పందెమెట్లు తప్పని ఒక యౌవనస్థుడు అడిగిన యెడల కసరుట జవాబు కాదు.

నేను తలంచినది వ్రాయుచున్నాను. తప్పయిన యెడల దిద్దుడి. భూమిని చీట్లు వేసి పంచినప్పుడు ప్రతి గోత్రమునకును పాలు వచ్చెను, ఎవడును తన పాలు పోగొట్టుకొనలేదు. మత్తీయపేరట చీటి వచ్చినప్పుడు రెండవవాడైన యోసేపు బర్సబ్బా బీదవాడై ఇంటికి పోలేదు. ఆ చీట్లు మనుష్యులు తమ ఇష్టమును ప్రక్కనపెట్టుటకు వేసినవి. పందెమో, నా ఇష్టము నెరవేరుటకును పొరుగువాని సొమ్ము నా జేబులోనికి వచ్చుటకును వేయునది. దానికి సరిపోలిన చీట్లు పరిశుద్ధ గ్రంథములో ఒక్కచోట కనబడుచున్నవి. సిలువ క్రింద సైనికులు కుట్టులేని అంగీకొరకు వేసినవే ఆ చీట్లు. అంగీ వారిది కాదు. దాని సొంతదారుడు పైన వ్రేలాడుచుండెను. వారు తలయెత్తి చూడలేదు.

ఈ ఫోను పందెములో ఓడినవాని ముఖము గెలిచినవానికి కనబడనే కనబడదు. పూర్వము పల్లెలో పేకాట ఆడినవాడు ఎదుటివాని భార్య వచ్చి ఏడ్చుట చూచెడివాడు, ఒక్కొక్కప్పుడు సిగ్గుపడి తిరిగి ఇచ్చెడివాడు. ఇప్పుడు ఆ సిగ్గుకు కూడ చోటులేదు. ఒకే ఆటమీద స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక బిడ్డ ఒక జట్టు పక్షమునను, మా పల్లెలో ఒక బిడ్డ రెండవ జట్టు పక్షమునను పందెము వేసి ఇద్దరును మోకరించి ప్రార్థించిరనుకొనుడి. దేవుడు ఎవని ప్రార్థన వినవలెను? ఒకని మనవి ఆలకించిన యెడల రెండవవాని ఇంటి బియ్యము పోవును.

లెక్క కూడ చూడుడి. నేను లెక్కల మాస్టరును గనుక ఇది విడిచిపెట్టలేను. ఇద్దరు పిల్లలు చెరి 1,000 రూపాయలతో కూర్చుండి, ప్రతి ఆటకు చెరి 100 పెట్టుచున్నారు. గెలిచినవానికి 190 వచ్చును. మిగిలిన 10 ఆడించువాడు ఉంచుకొనును. 20 ఆటలైన తరువాత ఎవడు ఎన్నిసార్లు గెలిచినను, ఇద్దరి జేబులలో కలిపి ఉండవలసిన 2,000లో 200 లేవు. ఆట సాగిన కొలది ఆ లేనిది పెరుగుచునే యుండును. అదృష్టము ఇటో అటో తిరుగవచ్చును గాని ఆడించువాని పది రూపాయలు మాత్రము తిరుగవు. మొదటి దినములలో చిన్న సొమ్ము గెలుచుట గాలమునకు గ్రుచ్చిన ఎరవంటిది. చేపలు పట్టు మన చెరువు ప్రక్క వారికి దీనిని వివరింపనక్కరలేదు.

ఇది చట్టమునకు విరోధమని పిల్లలకు తెలియదా? తెలంగాణ ప్రభుత్వము 1974 నాటి గేమింగ్ చట్టమును 2017లో సవరించి, ఫోనులలో డబ్బు పెట్టి ఆడు ఆటలను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసినది. దానిచొప్పున అట్టి ఆట నడుపువానికి మూడేండ్ల వరకు జైలును, కోటి రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. ప్రకటించువానికి రెండేండ్ల వరకు జైలును, 50 లక్షల వరకు జరిమానాయు ఉండును. ఆడి మోసపోయినవానికి మాత్రము ఆ చట్టములో శిక్ష లేదు. మంచిదే. గాని 2023 మొదలుకొని ఆ 2025 ఆగస్టు వరకు మన దేశపు క్రికెట్ జట్టు చొక్కాలమీద డబ్బు పెట్టించి ఆడించు ఒక కంపెనీ పేరే పెద్ద అక్షరములతో ఉండెను. పందెపు యాప్‌లను ప్రచారము చేసిరని సినిమా, టీవీ వారిలో అనేకులమీద 2025 మార్చిలో హైదరాబాదు పోలీసులు కేసులు పెట్టిరి. పిల్లలు ఎవరిని చూచి చప్పట్లు కొట్టుదురో వారే చేయిపట్టి తీసికొనిపోయిరి.

సినిమావారిని నిందించుట సులభము. నేను ఆ రాత్రి ఇంటికి వచ్చి పండుకొనినప్పుడు నిద్ర రాలేదు. "గెలిస్తే గుడికి డబుల్" అను మాట ఆ బిడ్డ ఎక్కడ నేర్చెను? మన గుడులలోనే నేర్చెను. సాక్ష్యముల వేళ ఒకరు లేచి, వెయ్యి రూపాయలు కానుక వేసితిని, నెల తిరుగకముందే పదివేలు వచ్చెనని చెప్పుదురు. మనము స్తోత్రమందుము. వేసితిని, రాలేదు అని చెప్పుటకు ఎవరికిని సాక్ష్య సమయము ఇయ్యము. టీవీలో కొందరు బోధకులు, తెర క్రింద ఖాతా నంబరు కదలుచుండగా, విత్తుడి, నూరంతలు కోయుడి అని చెప్పుచుందురు. ఇది విన్న పిల్లవాడు దేవుని ఎదుట కూడ పెట్టుబడియు రాబడియు ఉన్నవని తలంచిన యెడల తప్పెవరిది? రెండు కాసులు వేసిన బీద విధవరాలికి తరువాత ఏమి వచ్చెనో సువార్తలో వ్రాయబడలేదు. ప్రభువు ఆమెను చూచెను. అంతమట్టుకే ఉన్నది. షద్రకు, మేషాకు, అబేద్నెగోలు తమ దేవుడు తమ్మును రక్షింప సమర్థుడని చెప్పి, ఒకవేళ రక్షింపకపోయినను ప్రతిమకు మ్రొక్కమనిరి. ఆ "ఒకవేళ" అను మాటను పందెగాడు పలుకలేడు. పలికిన యెడల పందెమే లేదు.

మరునాడు నేను ఒంటరిగా వాని ఇంటికి పోతిని. అప్పుడు గాని మిగిలిన సంగతి బయటికి రాలేదు. పోయినది గుడి సొమ్ము మాత్రమే కాదు. ఫోనులో మూడు యాప్‌ల యొద్ద అప్పు చేసియుండెను. 5,000 అప్పని వ్రాసికొని చేతికి 3,500 ఇచ్చి, ఏడవ దినమున 5,000 కట్టుమన్నారట. నూరు రూపాయలకు ఏడు దినములకు 42 రూపాయలకు పైగా వడ్డీ. మన పల్లెలలో గిరిగిరి అప్పిచ్చువాడు కూడ ఇంత ధైర్యము చేయడు. కట్టలేనప్పుడు వాని ఫోనులో ఉన్న పేర్లన్నిటికిని వాని బొమ్మతో దొంగ అని సందేశములు పంపిరి. వాని అక్క అత్తవారింటికి పంపిరి. నాకును వచ్చినది. అది మోసపు సందేశమని తలంచి నేను తుడిచివేసితిని. చూచి ఆనాడే వాని యొద్దకు పోయియుండినయెడల గుడి సొమ్ము ఇంకను ఉండెడిదేమో. ఇది నా తప్పు.

2020 డిసెంబరులో ఇట్టి అప్పుల వేధింపు భరింపలేక మన రాష్ట్రములో కొందరు ప్రాణములు తీసికొనిరి. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు అనేకులను పట్టుకొనిరి. తరువాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఒక ఆజ్ఞ ఇచ్చినది. అప్పిచ్చు యాప్‌లు అప్పు తీసికొనినవాని ఫోనులోని పేర్ల పట్టీని, బొమ్మలను, మాటలాడిన లెక్కలను ముట్టరాదని అందులో ఉన్నది. ఇది చదివినప్పుడు నాకు ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయము జ్ఞాపకము వచ్చెను. పొరుగువానికి అప్పిచ్చినవాడు తాకట్టు తీసికొనుటకు వాని ఇంటిలోనికి జొరబడరాదు, బయటనే నిలువవలెను, అప్పు తీసికొనినవాడే దానిని బయటికి తేవలెను అని అచ్చట కట్టడ ఉన్నది. బీదవాడయినను వాని గడప వానిదే. లోపల వాని భార్యయు బిడ్డలును ఉన్నారు, పొయ్యిమీద ఏమి ఉడుకుచున్నదో, ఏమియు ఉడుకుట లేదో పరులు చూడరాదు. ఈనాటి మనుష్యునికి ఫోను ఇల్లువంటిది. మన బిడ్డలు 3,500 రూపాయలకు ఆ ఇంటి తాళము ఇచ్చివేయుచున్నారు. రిజర్వు బ్యాంకు ఆజ్ఞను దొంగ యాప్‌లు లక్ష్యపెట్టవు. కనుక మేము 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించితిమి. సందేశములు తగ్గినవి, పూర్తిగా ఆగలేదు. ఇట్టి కష్టములో మనస్సు చీకటియైనవారు ఎవరైనను ఇది చదువుచున్న యెడల 14416 అను నంబరుకు ఏ వేళనైనను పిలువవచ్చును, ఖర్చు లేదు. అయ్యగారి తలుపు కూడ ఉన్నది. ఒక్క మాట, అర్ధరాత్రి తట్టినను అయ్యగారు కోపపడరు. నేను అడిగియే వ్రాయుచున్నాను.

డోర్నకల్ బిషప్ అజరయ్యగారిని మన తాతలు ఎరుగుదురు. 1912లో బిషప్‌గా అభిషిక్తుడై 1945 వరకు ఈ ప్రాంతపు పల్లెలలో ఎండనబడి తిరిగినవారు. పల్లె సంఘములను పీడించు దయ్యములు నాలుగని ఆయన చెప్పెడివారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు. మొదటి రెండింటిని బడులు, ఆసుపత్రులు కొంతవరకు వెళ్లగొట్టినవి. త్రాగుడు మన బెల్టు దుకాణములలో సుఖముగా ఉన్నది. దాని సంగతి వేరొకసారి. అప్పు అను దయ్యము మాత్రము పట్టణపు వేషము వేసికొని పిల్లల దిండు క్రింద పండుకొనుచున్నది.

దానికి తలుపు తీసినది పిల్లల దురాశ ఒక్కటే కాదు. మా బిడ్డ నాలుగేండ్లనుండి ఉద్యోగ పరీక్షలకు చదువుచున్నాడు. ప్రతి ఆదివారము ఆరాధన తరువాత మేమతనిని అడుగు మాట ఒక్కటే: "ఉద్యోగమచ్చిందా?" నేనును అడిగితిని. ప్రేమతోనే అడిగితిననుకొంటిని. వారమునకొకసారి, నాలుగేండ్లు, లేదని చెప్పవలసినవాడు ఒక్కరాత్రిలో ఔనని చెప్పగల దారి కొరకు వెదకుటలో ఆశ్చర్యమేమి? అది వాని తప్పును కడిగివేయదు. గుడి సొమ్ము గుడి సొమ్మే.

తరువాతి ఆదివారము సాయంకాలము సంఘమంతటిని కూర్చి మాటలాడుమని నాకు అప్పగించిరి. నెహెమ్యా 5వ అధ్యాయము తీసితిని. ప్రాకారము కట్టుచున్న కాలములోనే యూదులలో బీదవారు తమ సహోదరుల యొద్ద అప్పులు చేసి, పొలములు కుదువపెట్టి, కుమారులను కుమార్తెలను దాసత్వమునకు అప్పగించిరి. నెహెమ్యా కోపపడి పెద్దలను నిలువదీసెను. తీసికొనినది తిరిగి ఇయ్యుడి అనెను. అందులో సొమ్ములో నూరవ భాగము కూడ ఉన్నది. అది నెలకు నూటికి ఒకటి చొప్పున వడ్డీ అని అనేక పండితుల తలంపు. ఈ యాప్‌లవారు ఆ పెద్దలకన్న చెడ్డవారని నేను గట్టిగా చెప్పుచుంటిని.

అప్పుడు స్త్రీల వరుసలోనుండి ఒక విధవరాలు, మా సంఘములో అందరికంటె పెద్దవారిలో ఒకరు, లేచి నిలిచిరి.

"మంచిగ చెప్పినవ్ సారూ. మరి నేను నీకు కడుతున్న మిత్తి ఏ లెక్కల వస్తది?"

గుడిలో ఎవరును కదలలేదు. మూడేండ్ల క్రిందట ఆమె కుమార్తె ప్రసవము కష్టమైనప్పుడు నేను 20,000 ఇచ్చితిని, నూటికి రెండు రూపాయల మిత్తికి. పల్లెలో అది న్యాయమైన మిత్తి. నోటు వ్రాయించుకొంటిని. నెలకు 400 చొప్పున ఆమె ఒక్క నెలయు తప్పకుండ ప్రత్తి ఏరిన కూలిలోనుండి తెచ్చి ఇచ్చెను. నూరవ భాగమని నేను చదివి వినిపించితినే, నేను తీసికొనునది దానికి రెట్టింపు. 36 నెలలకు 14,400. కుర్రవాడు గుడికి పోగొట్టినది 18,000. రెండు లెక్కలును నల్లబల్లమీద ప్రక్క ప్రక్కన వ్రాసినట్లు నా కన్నులకు కనబడెను.

ఆ అధ్యాయమును నేను ఎన్నోసార్లు చదివితిని. నెహెమ్యా తానును తన బంధువులును అప్పులిచ్చినవారమేనని ఒప్పుకొని, ఈ వడ్డీ పుచ్చుకొనుట మానివేయుదము రండి అని తన్ను కలుపుకొని పలికిన సంగతి అందులోనే ఉన్నది. దానిని నేను ఎప్పుడును నిలిచి చదువలేదు. ఆ సాయంకాలము ఆమె నాచేత చదివించెను.

ప్రవక్తల శిష్యులలో ఒకని భార్య ఎలీషా యొద్దకు వచ్చి, తన ఇద్దరు కుమారులను దాసులుగా పట్టుకొనిపోవుటకు అప్పులవాడు వచ్చెనని మొఱ్ఱపెట్టిన సంగతి రెండవ రాజుల గ్రంథము 4వ అధ్యాయములో ఉన్నది. ఆ అప్పు ఎందుకు చేసిరని ఎలీషా అడుగలేదు. నీ ఇంటిలో ఏమున్నదని అడిగెను. ఇరుగు పొరుగువారు ఇచ్చినవి ఖాళీ పాత్రలే. మా సంఘమును అదే చేసినది. ధనవంతులము కాము గనుక సొమ్ము పోగుచేయలేకపోతిమి. పెండ్లిపందిళ్లకు సామాను అద్దెకిచ్చు ఒక సహోదరుడు వానికి రాత్రివేళ పని ఇచ్చెను. ఒకరు పాత కుట్టుమిషను వాని తల్లికి ఇచ్చిరి. యాప్‌ల అప్పులో న్యాయముగా చేతికి వచ్చిన మొత్తమును మేనమామ మిత్తి లేకుండ సర్దెను. రేకులు మాత్రము ఈ వానకాలమునకు మారవు. వాన పడినప్పుడు కుడివైపు బల్లలవారు ఎడమవైపునకు జరుగుదురు.

బల్ల ఆరాధనకు దూరముగా ఉంచవలెనా అను ప్రశ్న వచ్చినప్పుడు అయ్యగారు నా వైపు చూచి, "ఎవరెవరిని?" అని మాత్రము అడిగిరి. ఆ సంగతి అంతటితో ఆగినది. ఇది సరియైన క్రమశిక్షణ కాదని ఒక పెద్ద ఇప్పటికిని అనుచున్నారు. వారి మాటలో సత్యము లేదని నేను చెప్పలేను. తప్పు చేసినవాడు సంఘము ఎదుట నిలిచి ఒప్పుకొనుట మంచిదే, అతడు ఒప్పుకొనెను కూడ. అయితే వాని తరువాత నిలువవలసినవాడను నేనగుట ఆ దినము కుదిరినది.

ఇప్పుడు సంఘపు కోశాధికారి యొద్ద ఒక నోటు పుస్తకమున్నది. అందులో ఎడమ పుటమీద ఆ అబ్బాయి ఖాతా. ఆదివారమునకు 500 చొప్పున తొమ్మిది వారములు కట్టెను, ఇంకను 13,500 ఉన్నది. మొదటి వారములలో వాని తల్లి తెచ్చెడిది, గడచిన మూడు వారములనుండి అతడే తెచ్చి ఇచ్చుచున్నాడు. కుడి పుటమీద నా ఖాతా. తీసికొనిన మిత్తి 14,400ను అసలులో కోసివేయగా ఆ అవ్వ ఇయ్యవలసినది 5,600. అది కూడ వద్దంటిని. ఆమె ఒప్పుకొనలేదు. "అసలు అసలే సారూ, అది నేను కడుత," అని చెప్పి, నిన్నటి ఆదివారము కొంగుముడి విప్పి 200 రూపాయలు లెక్కపెట్టి, పుస్తకములో వ్రాయువరకు అక్కడనే నిలిచిరి.